పద్దెనిమిదో నెలలో ఇస్తాం!

పత్తి తొలి తీత అయి, బోరేలు బండెక్కే రోజులు. 2017 అక్టోబరు. చిలకలూరిపేటలో ఓ సెల్‌ఫోన్ షాపు. లోపల ఓ రైతు, పక్కన ఆయన భార్య. కౌంటర్లో కుర్రాడు మంచి హుషారు మీద ఉన్నాడు.

"టచ్ ఫోను బాబాయ్! మీరు కట్టేది 2,899. అందులో 1,500 మళ్లీ మీ చేతికే వస్తాయి. అంటే ఫోను 1,399కే పడ్డట్టు."

"ఎప్పుడొస్తాయి?" అందామె.

"కంపెనీయే వేస్తుంది పిన్నీ. నెలనెలా రీఛార్జి చేయిస్తుంటే చాలు."

ఆమె అడిగింది ఎప్పుడని. అతను చెప్పింది ఎలాగని. బేరం కుదిరిపోయింది.

ఈ దంపతులకు పేర్లు అక్కర్లేదు. పర్చూరు వాళ్లనుకోండి, పెదనందిపాడు వాళ్లనుకోండి, మార్టూరు వాళ్లనుకోండి. మనుషులు ఊహే కానీ అంకెలు నిజం. ఆ నెలలోనే ఎయిర్‌టెల్, కార్బన్ సంస్థలు కలిసి తెచ్చిన 'ఏ40 ఇండియన్' ఫోను లెక్క అది. ముందు 2,899 కట్టాలి. వరసగా 36 నెలలు 169 రూపాయల రీఛార్జి చేయించాలి. 18 నెలలయ్యాక 500, 36 నెలలయ్యాక 1,000 వెనక్కిస్తారు. ఆ 1,500 కోసం రీఛార్జీల మీద పెట్టేది 6,084 రూపాయలు. కుర్రాడు ఈ చివరి అంకె చెప్పలేదు. అబద్ధం ఆడాడనలేం, అడగలేదు కాబట్టి చెప్పలేదంతే.

అసలీ వాయిదా తిరుగుడు సొమ్ము ఆ ఏడాది వేసవి తర్వాతే ఊపందుకుంది. 2017 జులై 21న ముకేశ్ అంబానీ జియోఫోన్ ప్రకటించారు. ఫోను ఉచితం, 1,500 డిపాజిట్ మాత్రం కట్టాలి, మూడేళ్ల తర్వాత తిరిగిస్తాం అన్నారు. మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? అక్టోబరులో ఎయిర్‌టెల్, ఆ వెంటనే మైక్రోమ్యాక్స్‌తో కలిసి వొడాఫోన్. 'భారత్ 2 అల్ట్రా' ధర కూడా 2,899. నెలకు కనీసం 150 చొప్పున రీఛార్జి చేయిస్తే 18 నెలలకు 900, 36 నెలలకు 1,000 వెనక్కి. పండగ అమ్మకాల్లో పోస్టర్ల మీద 999, 1,399, సున్నా... ఈ అంకెలే పెద్దవి. నెలల సంఖ్య చీమ తలకాయంత.

జియోఫోన్ విషయంలో ఓ తమాషా ఉంది. డిపాజిట్ నిబంధనల్లో ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీఛార్జి చేయించాలని రాశారు. 2018 జనవరిలో అదే ఫోనుకి 49 రూపాయల ప్లాను వచ్చింది. పల్లెల్లో ఎవరైనా దానికే మొగ్గుతారు. 28 రోజులకోసారి 49 అంటే ఏడాదికి 13 సార్లు, మొత్తం 637. పొదుపుగా వాడుకున్నవాడు 1,500 షరతుకి సగం కూడా చేరడు.

ఆ 28 రోజుల సంగతి కూడా చెప్పుకోవాలి. సెల్ కంపెనీల నెల మన పంచాంగంలో లేదు, ఇంగ్లిషు క్యాలెండర్లోనూ లేదు. ఏడాదికి పన్నెండు నెలల జీతమొస్తుంటే పదమూడు రీఛార్జీలు అవుతాయి. చివరికి ట్రాయ్ 2022 జనవరిలో కలగజేసుకుని, 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతినెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటి కచ్చితంగా ఉంచమని ఆదేశించింది.

జీతగాళ్ల మాట సరే. రైతుకి నెలేముంది? పత్తి డబ్బు దసరా దాటాక, మిర్చి డబ్బు శివరాత్రి అటూ ఇటుగా మొదలై ఎండాకాలం దాకా. జులై నుంచి సెప్టెంబరు వరకు చేతిలోంచి పోయేదే కానీ వచ్చేది ఉండదు. నారు, ఎరువు, పురుగుమందు, కలుపు కూలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. కమీషన్ కొట్లో పద్దు పెరుగుతుంటుంది. ఆ రోజుల్లో ఫోను రీఛార్జి ఓ పదిహేను రోజులు ఆగిందంటే ఎవరికీ పట్టదు. ఎవరైనా చేస్తే మాట్లాడొచ్చు కదా అనుకుంటారు. సరిగ్గా అక్కడే 'వరసగా 36 నెలలు' అన్న దారం తెగుతుంది.

ఆ ఏ40 ఆఫర్లో ఇందుకు విరుగుడు కూడా ఉంది, చిత్రం అదే. 169 ప్లానే తీసుకోనక్కర్లేదు. ఏ మొత్తమైనా సరే, తొలి 18 నెలల్లో 3,000, తర్వాతి 18 నెలల్లో మరో 3,000 అయితే చాలు. రైతుకి అతికినట్టు సరిపోయే షరతు. మిర్చి అమ్మిన వారంలోనే పెద్ద మొత్తం వేయించేసుకోవచ్చు. కానీ షాపులో దాన్ని చెప్పేదెవరు?

మన దంపతుల లెక్కే చూడండి. పద్దెనిమిది నెలల్లో 28 రోజుల రీఛార్జీలు 19 పడతాయి. 2018 శ్రావణంలో రెండు తప్పాయనుకుందాం. మిగిలింది 17. మొత్తం 2,873 రూపాయలు. మూడు వేలకి 127 తక్కువ! గడువులోపు ఇంకొక్క రీఛార్జి పడి ఉంటే 500 వచ్చేవి. ఆ 127 గురించి తెలియాలంటే ఎవరో ఒకరు లెక్క రాసి ఉండాలి.

గుంటూరు రైతుకి ఆగడం కొత్త కాదు. ధర లేనప్పుడు మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తాడు. 2017 వేసవిలో మిర్చి ధర కుప్పకూలినప్పుడు ప్రభుత్వం క్వింటాలుకి 1,500 అదనంగా ఇస్తామంటే దానికీ ఎదురుచూశాడు. అయితే కోల్డ్ స్టోరేజీ వాళ్లు బాండు రాసిస్తారు. ఎన్ని టిక్కీలో, ఏ రోజు పెట్టాడో అందులో ఉంటుంది. దాన్ని చూపిస్తే అప్పు కూడా పుడుతుంది. మరి 1,500 క్యాష్‌బ్యాక్‌కి కాగితమేదీ? షాపు బిల్లులో ఫోను ధర ఉంటుంది, ఆఫర్ ఉండదు. ఆ బిల్లైనా వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం. రెండు ఎండాకాలాలు బీరువాలో ఉంటే అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. పద్దెనిమిది నెలల తర్వాత వెళ్తే కౌంటర్లో ఆ కుర్రాడూ ఉండడు.

సొమ్ము వచ్చి పడాల్సిన చోటే లేకుండా పోవడం మరో ముచ్చట. వొడాఫోన్ తన ఆఫర్లో డబ్బు ఎం-పెసా వాలెట్‌లో పడుతుందని చెప్పింది. ఆ వాలెట్ నడిపే సంస్థ అనుమతిని తనంతట తానే వదులుకోగా, 2019 సెప్టెంబరు 30 నుంచి రద్దయినట్టు రిజర్వుబ్యాంకు 2020 జనవరిలో ప్రకటించింది. 2017 అక్టోబరులో ఫోను కొన్నవారికి 36 నెలలు నిండేది 2020 అక్టోబరులో. అంటే ముప్ఫై ఆరో నెల వచ్చేసరికి ఆ జేబే లేదు. బాకీలున్నవారు 2022 సెప్టెంబరు 30 లోపు సంస్థను అడగొచ్చని రిజర్వుబ్యాంకు గడువు ఇచ్చింది. ఆ ప్రకటన పొలం గట్టు మీదకు రాదు కదా. పైగా ఆ మూడేళ్ల మధ్యలోనే 2020 లాక్‌డౌనూ వచ్చింది, రీఛార్జి షాపులకి తాళాలూ పడ్డాయి.

సరే, రావలసింది రాకపోతే ఎవరిని అడగాలి? ముందు కంపెనీనే. 198కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు లేకుండా ఫోన్ పెట్టేస్తే ఫిర్యాదు చేయనట్టే. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ఇది 2012 నాటి ట్రాయ్ నిబంధన. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఆ తర్వాత గుంటూరులోనో ఒంగోలులోనో వినియోగదారుల కమిషన్. ఒకప్పుడు ఈ తలుపు సెల్‌ఫోన్ తగాదాలకి మూసుకుపోయింది. పాత టెలిగ్రాఫ్ చట్టం ఉండగా ఫోరానికి అధికారం లేదని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. అప్పట్నుంచి కంపెనీల వకీళ్లకి అదే వజ్రాయుధం. అహ్మదాబాద్‌లో ఓ ఖాతాదారుకి నెలకు సగటున 555 వచ్చే బిల్లు 2013 చివర్లో 24,609 వచ్చింది. ఆయన ఫోరానికి వెళ్లాడు. అధికారం లేదన్న వాదనతోనే అది సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు తలుపు మళ్లీ తెరిచింది. టెలికం సేవ కూడా సేవే, వినియోగదారుడు కమిషన్‌కి వెళ్లొచ్చు అంది.

2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. గడువు మాత్రం రెండేళ్లు. ఆ లెక్కన 2017 నాటి ఫోన్ల కథ ముగిసినట్టే. మాట మాత్రం ముగియలేదు. ఎక్స్ఛేంజ్ బోనస్ అనీ, కార్డు క్యాష్‌బ్యాక్ అనీ, తర్వాత ఇస్తామనే పోస్టర్ ఏ షాపు అద్దం మీద చూసినా ఉంది.

మన చిలకలూరిపేట దంపతుల ఇంట్లో మాత్రం ఓ అలవాటు ఉంది. ఆమె పాల లెక్కని గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టి రాస్తుంది. లీటరుకో గీత. నెలాఖరున పాలవాడితో అర్ధరూపాయి తేడా లేకుండా తేలుతుంది. తర్వాతి ఫోను కొన్నప్పుడు ఆ గీతల పక్కనే రీఛార్జి తేదీ, మొత్తం రాయడం మొదలుపెట్టింది. పోస్టర్‌ని కొడుకు చేత ఫొటో తీయించింది. బిల్లు వెనక కుర్రాడితో "ఎప్పుడు, ఎంత" అని రాయించి సంతకం పెట్టమంది.

"ఎందుకు పిన్నీ ఇదంతా, మా మీద నమ్మకం లేదా?" అన్నాడతను.

"ఉంది నాయనా. రాయి."