స్పెయిన్ అమ్మకు పువ్వుల కార్డు: నా అభిప్రాయం



పది రోజులుగా మన హాస్టల్లో ఒకటే గొడవ. అన్నం లైన్లో అదే, కుళాయి దగ్గర అదే. ఏడో తరగతి తమ్ముడు స్పెయిన్ దేశానికి పంపబోయే పుట్టినరోజు కార్డు ఎట్లా ఉండాలి, అందులో ఏ ఫోటో పెట్టాలి అని. అందరూ తలా ఒక మాట అన్నారు కాబట్టి నా మాట ఇక్కడ రాస్తున్నా.

తెలియని వాళ్ల కోసం ముందు సంగతి చెప్తా. విన్సెంట్ ఫెర్రర్ గారు 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. ఆ సంస్థ నల్లమల చెంచు గూడేల్లో కూడా పనిచేస్తుంది. స్పెయిన్‌లో మామూలు ఉద్యోగాలు చేసుకునే వాళ్లు ఇక్కడి పిల్లల పేరున కొంత డబ్బు పంపుతారు. అది పిల్లవాడి చేతికి రాదు, ఊరందరి బడికీ ఆసుపత్రికీ ఇళ్లకీ పోతుంది. పిల్లవాడు ఉత్తరం రాస్తే స్పానిష్‌లోకి అనువాదమై వెళ్తుంది. మన తమ్ముడిది నల్లమల గూడెం. వాళ్లమ్మ ఏటా మిరప కోతలకు మన మైదానానికి దిగుతుంది కనుక వాడు ఇక్కడ చదువుతున్నాడు. వాడికి స్పెయిన్‌లో ఒక పెద్దావిడ ఉంది. వచ్చే నెల ఆమె పుట్టినరోజు.

పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి స్పానిష్ కార్డులు చూశారు. ఎన్ని పువ్వులో! మధ్యలో ఫోటోలు పెట్టుకోవడానికి గుండ్రటి ఖాళీలు. అందరికీ ఎర్ర రోజాల కార్డే నచ్చింది. దాని మీద ‘మి అమోర్’ అని ఉంది. అదేమిటో చూస్తే ‘నా ప్రియా’ అనట! ఏడో తరగతి పిల్లవాడు ఒక పెద్దావిడకి పంపే మాటేనా అది? అందుకని నేను చెప్పేది, పువ్వులు తర్వాత, ముందు అక్షరాల అర్థం కనుక్కోండి. ఎన్ని తక్కువ మాటలుంటే అంత మంచిది. స్పానిష్‌లో కూడా మనలాగే నువ్వు వేరు, మీరు వేరు. ‘తే దెసేఓ’ అంటే నీకు కోరుకుంటున్నా, ‘లే దెసేఓ’ అంటే మీకు కోరుకుంటున్నా. కార్డుల మీద ఎక్కువగా నువ్వే ఉంటుంది. అక్కడ అది తప్పు కాదట గానీ, మనవాడి నోటికి మీరే వస్తుంది. కాబట్టి ‘ఫెలీస్ కుంప్లెఆఞోస్’ అన్న రెండు మాటలే ఉన్న కార్డు తీసుకుని, మిగతాది వాడే తెలుగులో రాయాలి.

ఆ రెండు మాటలు కూడా వాడి చేత్తో రాస్తే ఇంకా బాగు. ఆశ్చర్యార్థకం అక్కడ ముందర తలకిందులుగా ఒకటి, చివర మామూలుగా ఒకటి పెడతారు. ఇంగ్లీషు ఎన్ మీద పాములాగా ఒక మెలిక గీత ఉంటుంది, దాన్ని ఞ అనాలి. ఒకటో తరగతిలో పలక మీద దిద్ది దిద్ది, తర్వాత ఎక్కడా వాడని మన ఞ! ఆ గీత మరిచిపోతే ‘ఏళ్లు’ అన్న మాట వంటి మీద చెప్పుకోకూడని చోటు పేరవుతుంది. ఇంతకంటే గోడ మీద రాయను.

ఇక పువ్వుల సంగతి. రోజాలు ఆమె ఊళ్లోనూ ఉంటాయి. పత్తిపువ్వు గీసి పంపితే? పొద్దున విచ్చుకున్నప్పుడు మీగడ రంగు, మర్నాటికి గులాబీ రంగు, ఒకే చెట్టుకి ఒకేరోజు రెండు రంగులూ కనిపిస్తాయి. పక్కన మిరపపువ్వు. చిన్నగా తెల్లగా తల వంచుకుని ఉంటుంది, ఎవరూ దాన్ని పువ్వని కూడా అనరు. మిరప మన గుంటూరుదే అనుకుంటాం గానీ, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ కాలంలో స్పెయిన్ ఓడల్లో యూరప్ చేరింది, తర్వాత పోర్చుగీసు వాళ్లు మన దేశానికి తెచ్చారు. స్పెయిన్ వాళ్లు మిరప పొడిని ‘పిమెంతోన్’ అంటారు. అక్కడ లా వేరా అనే చోట కాయల్ని ఓక్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. మనం కల్లంలో ఎండకి పోస్తాం.

అసలు గొడవంతా ఫోటో దగ్గర వచ్చింది. వాడి దగ్గర రెండున్నాయి. ఒకటి స్టూడియోలో దిగింది, అరువు కోటు, వెనక బొమ్మ తోట. రెండోది మిరప కల్లంలో ఎవరో ఫోన్లో తీసింది. ఎర్ర రాశి ముందు వాడూ వాళ్లమ్మా. ఆమె తలకీ ముక్కుకీ గుడ్డ చుట్టుకుని ఉంది, కళ్లే కనపడతాయి. కల్లం ఫోటో పంపితే మన పరువు పోతుందని కొందరు. అదే పంపితే జాలిపడి బహుమతి పంపుతుందని ఇంకొందరు. ఈ రెండో మాట నాకు అస్సలు నచ్చలేదు. పుట్టినరోజు ఆమెది, మనం అడుక్కునే రోజు కాదు. పరువు మాట కూడా ఒప్పుకోను. మిరప పొడి వాడే దేశపు ఆవిడకి మిరప రాశి చూపించడంలో పరువు పోయేదేముంది? మా అమ్మా ఆ గుడ్డే చుట్టుకుని కాయలు ఏరుతుంది. ఘాటుకి అట్లా చుట్టుకుంటారని ఒక్క ముక్క కింద రాస్తే చాలు.

అయితే ఒకటుంది. ఆ ఫోటోలో వాడొక్కడే లేడు. వాళ్లమ్మ ముఖం సముద్రాలు దాటి పోతోంది. మనం పదిమందిమి తీర్పులు చెప్తున్నాం గానీ, ఆమెని ఒక్కరూ అడగలేదు. ఆమె వద్దంటే కోటు ఫోటోనే పంపాలి, వాదన అక్కడికి ఆపాలి.

ఇంకో సంగతి. ఆ పెద్దావిడ ఏటా, నీ పుట్టినరోజు ఎట్లా చేసుకున్నావని రాస్తుందట. వాడు ఏం రాయాలో తెలియక వదిలేస్తున్నాడు. బడి రిజిస్టరులో తేదీ చేర్పించిన రోజు మాస్టారు వేసింది. పేర్లు పిలిచేటప్పుడు వినండి, మనలో ఎంతమందిమి జూన్, జులై నెలల మొదటి తేదీన పుట్టామో! మా తండాలో నా వయసు లైలా తుఫాను వచ్చిన 2010 నుంచి లెక్కేస్తారు, ఆ ఏటి పత్తితీతలప్పుడు పుట్టానట. స్పానిష్‌లో ‘కుంప్లెఆఞోస్’ అంటే ‘పుట్టిన’ అన్న మాటే లేదు. కుంప్లె అంటే నిండటం, ఆఞోస్ అంటే ఏళ్లు. పన్నెండేళ్లు నిండాయి అని మనమూ అంటాం కదా, అదే. కాబట్టి ఈసారి కార్డులో వాడు ఉన్నదున్నట్టు రాయొచ్చు: నాకు తేదీ తెలియదు, ఏళ్లు మాత్రం నిండుతున్నాయి అని.

వార్డెన్ గారికి మనవి. ఈ ఆదివారం వాళ్లమ్మ చూడటానికి వస్తుంది. రెండు ఫోటోలూ ఆమె చేతిలో పెట్టేదాకా కార్డు ప్రింటు తీయించవద్దు. సోమవారం సాయంత్రం వాణ్ణి, నన్ను పేటకి పంపండి. ఆమె ఒప్పుకుంటే కల్లం ఫోటో రెండు కాపీలు తీయిస్తాం. వాళ్లమ్మ దగ్గర కొడుకు ఫోటో ఒక్కటి కూడా లేదు.

- పదో తరగతి విద్యార్థిని