ఆహార సాయం కార్డుపై ఫొటో.. మోసానికి కళ్లెం వేస్తుందా?

పేదల ఆహార సాయం పక్కదారి పట్టకుండా లబ్ధిదారు ఫొటోను కార్డుపై ముద్రించాలన్న వాదన అమెరికాలో చాలాకాలంగా ఉంది. మసాచుసెట్స్ 2013లో ఇందుకు చట్టం చేసింది. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రమూ అదే బాట పట్టింది.

అయితే కోట్లాది మంది ఆధారపడిన 'స్నాప్' పథకంలో సాయం ఒక్కరిది కాదు, కుటుంబానిది. కార్డుపై తల్లి ఫొటో ఉన్నా, పిన్ తెలిసిన కుమారుడు సరకులు కొనుక్కోవచ్చు. ఫొటో సరిపోలలేదన్న కారణంతో అతణ్ని వెనక్కి పంపేందుకు సమాఖ్య నిబంధనలు అంగీకరించవు. స్నాప్ లబ్ధిదారులను మిగతా కొనుగోలుదారులకు భిన్నంగా చూడటమూ నిషిద్ధమే. అంటే దుకాణంలో ఫొటోకు దక్కే విలువ స్వల్పం. పైగా నిబంధన తెలియని సిబ్బంది అర్హులనే తిప్పి పంపే ప్రమాదం ఉంది.

అసలు ముప్పు మరోచోట ఉంది. చెల్లింపు యంత్రానికి రహస్యంగా పరికరం అమర్చి, కార్డు వివరాలను, పిన్‌ను తస్కరించి నకిలీ కార్డు తయారుచేసే ముఠాలకు ఫొటో అడ్డుకాదు. బ్యాంకు కార్డుల్లో సాధారణమైన చిప్ ఈ కార్డుల్లో చాలాకాలం లేకపోవడమే వారికి కలిసివచ్చింది. కాలిఫోర్నియా 2025లో చిప్ కార్డుల జారీ మొదలుపెట్టింది.

చోరీకి గురైన సాయాన్ని సమాఖ్య నిధులతో భర్తీ చేసే వెసులుబాటు 2024 డిసెంబరు 20 నాటి చోరీలతోనే ముగిసింది. ఆ తర్వాతి నష్టం చాలావరకు పేద కుటుంబం కంచంపైనే పడుతోంది. ఫొటోకు పెట్టే ఖర్చును చిప్‌కు మళ్లించాలన్న వాదనకు బలం ఇక్కడే ఉంది.