చెవికి నచ్చాలి... జేబూ ఒప్పుకోవాలి!

"మావయ్యా! పన్నెండువేలు పక్కన పెట్టాను. ఏ డాక్ కొనమంటావ్?"

కిందటి నెల మా మేనల్లుడు ఫోన్లో వేసిన ప్రశ్న ఇది. హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. తొలిజీతం వేడి ఇంకా చల్లారలేదు. సినిమా పాట అంటే చెవి కోసుకునే రకం. అందుకే నేనూ తొందరపడకుండా, "ముందు నీకొచ్చిన కష్టమేమిటో చెప్పరా అబ్బాయ్!" అన్నాను.

"రోజూ మియాపూర్ నుంచి మెట్రోలో వెళ్తున్నానా... ఆ రొదలో పాట సరిగ్గా వినబడదు. సౌండ్ చివరిదాకా పెట్టేసినా చాలడంలేదు. ఆంప్లిఫయర్ కూడా ఉన్న డాక్ అయితే ఇంకా గట్టిగా వినబడుతుందట!"

మీలో చాలామందికి ఇదే ఆలోచన ఉంటుందని నాకు తెలుసు. కనుక ఈ డబ్బా కథేమిటో ముందు చెప్పుకుందాం.

ఫోన్లో ఉన్న పాట నిజానికి పాట కాదు, అంకెల మూట! ఆ అంకెల్ని మళ్లీ కరెంటు తరంగాలుగా మార్చేది డాక్... అంటే డిజిటల్ టు ఎనలాగ్ కన్వర్టర్. ఆ తరంగాలకి బలమిచ్చి హెడ్‌ఫోన్‌ని పలికించేది ఆంప్లిఫయర్. ఒకరు మాట రాసే రచయిత అయితే, రెండోవారు ఆ మాటని నేలక్లాసు దాకా వినిపించే నటుడన్నమాట! రెండూ కలిసి ఇప్పుడు అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బాలో దొరుకుతున్నాయి.

ఎవరికి కావాలి ఇది? బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవారికి అక్కర్లేదు. డాకూ, ఆంప్లిఫయరూ రెండూ ఆ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి. వైరున్న ఇయర్‌ఫోన్ ఉండి, ఫోన్‌కి దాన్ని గుచ్చే చిల్లు లేకపోతే మాత్రం ఏదో ఒకటి కావాలి. అప్పుడు చూడాల్సింది డాక్ ఖరీదు కాదు, మీ ఇయర్‌ఫోన్ ఎన్ని ఓములు, దాని సెన్సిటివిటీ ఎంత అన్నది. మామూలు ఇయర్‌ఫోన్లు 16 నుంచి 32 ఓముల్లో ఉంటాయి. వాటికి చిన్న డాంగిల్ చాలు. సెన్‌హైజర్ హెచ్‌డి 600 లాంటి 300 ఓముల హెడ్‌ఫోన్‌కైతే ఎక్కువ ఓల్టేజి ఇవ్వగల ఆంప్లిఫయర్ ఉంటేనే అందం.

ఇంకో కిటుకు... డబ్బా సొంత ఇంపీడెన్స్ మీ ఇయర్‌ఫోన్‌ది ఎంతో, అందులో ఎనిమిదో వంతు మించకూడదు. 16 ఓములదైతే 2 ఓముల లోపన్నమాట. మించితే కొన్ని ఇయర్‌ఫోన్లలో పాట రంగు మారిపోతుంది. పాట ఆపినప్పుడు వెనక 'స్‌స్‌' అని బుసకొట్టే డబ్బాని అక్కడే వదిలేసి రండి!

ఇక అట్టపెట్టె మీది పెద్ద అంకెలు చూసి మురిసిపోకండి. 1982లో మార్కెట్లోకొచ్చిన సీడీ, సెకనుకి 44,100 సార్లు, 16 బిట్ల లెక్కన పాటని కొలుస్తుంది. మనిషి చెవికందే 20,000 హెర్ట్జ్ దాకా అందులోనే ఇమిడిపోతుంది. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనో రికార్డింగులు. లక్ష పోసి డాక్ కొన్నా అవి స్టీరియో అయిపోవు. పాటలో లేనిది డబ్బా తేలేదు సుమండీ!

ఇదంతా చెబితే మావాడు నమ్మితేనా! సరేనని సౌండ్ రికార్డిస్టుగా పనిచేసే నా మిత్రుడింటికి లాక్కెళ్లాను. ఆయన మూడు డబ్బాలు తువ్వాలు కింద దాచి, ఒకే పాటని ఒకదాని తర్వాత ఒకటి వినిపించాడు. మావాడు ఠక్కున రెండోదాన్ని పట్టుకుని "ఇదే ఖరీదైంది!" అన్నాడు. తీరా చూస్తే అది అన్నిటికన్నా చవకది! కాకపోతే మిగతావాటికన్నా కాస్త గట్టిగా మోగుతోంది. గట్టిగా మోగేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. అందుకే షాపులో పోల్చేటప్పుడు ముందు సౌండ్ సమానం చేయించండి. మూడూ సమానం చేశాక మావాడు ఏది ఏదో చెప్పలేక తల గోక్కున్నాడు.

అప్పుడే ఓ సంగతి జరిగింది. "మావయ్యా, చరణం ముందు చిన్న గంట మోగుతోంది, ఎంత బావుందో!" అంటూ ఇయర్‌ఫోన్లు నాకిచ్చాడు. విన్నాను. కుడిచెవికి సన్నగా అందింది. అటూ ఇటూ మార్చి పెట్టుకున్నాను. ఎడమచెవికి గంట లేదు! మూడు డబ్బాలూ మార్చినా లేదు. వాడు నేను వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు.

వేళాకోళం కాదు. కాలేజీరోజుల్లో వాక్‌మన్ సౌండ్ చివరిదాకా పెట్టుకుని రాత్రుళ్లు నిద్రపోయిన ఘనుణ్ణి నేను. డాక్టరు పరీక్ష చేసి, "సగం వయసు, సగం వాక్‌మన్" అన్నారు. పోయిన చెవిని తిరిగి తెచ్చే డాక్ ఏ షాపులోనూ లేదు. పెద్దలకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే!

దారిలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నెమ్మదిగా, "మావయ్యా, రాత్రి పడుకునేటప్పుడు నా చెవుల్లోనూ గుయ్‌మంటోంది" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇంకా ఏమీ పోలేదట, జాగ్రత్తపడమన్నారు.

వాడికి కావలసింది ఇంకా గట్టి పాట కాదు, బయటి రొద తగ్గడం! చెవికి బిగువుగా అమరే రబ్బరు మూతలూ, ఓ చిన్న డాంగిలూ కొన్నాం. ఇప్పుడు మెట్రోలో సగం సౌండే సరిపోతోందట. మిగిలిన డబ్బులో మా అక్కయ్యకి చీర తీసుకున్నాడు.

మీరూ కొనండి, తప్పులేదు. కానీ డబ్బా ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. చెవులు రెండే!

వచ్చేవారం మరో ముచ్చటతో కలుద్దాం.