కంట్రోల్ రూము సిబ్బంది: అదనపు ఖర్చా, అవసరమైన రక్షణా?

రసాయన కర్మాగారాలలో సిబ్బంది సంఖ్య చర్చకు వచ్చిన ప్రతిసారీ యాజమాన్యాలు ఒకే వాదనను ముందుకు తెస్తున్నాయి. ఉష్ణోగ్రతను, పీడనాన్ని, ద్రవమట్టాన్ని కంప్యూటరే కనిపెట్టి వాల్వులను తానే తిప్పుతున్నప్పుడు షిఫ్టుకు ఇంతమంది ఆపరేటర్లు దేనికన్నది ఆ వాదన. ఆటోమేటిక్ నియంత్రణకు మేము వ్యతిరేకులము కాము. విషవాయువు వెలువడే చోటికి మనిషి పోనవసరం లేకుండా చేసే ఏ పరికరాన్నైనా కార్మికవర్గం స్వాగతిస్తుంది. అయితే నియంత్రణ అంటే పరికరం ఒక్కటే కాదు. పరికరాన్ని చదివే మనిషి, దానిని బాగుచేసే మనిషి, ప్రమాదం కనబడినప్పుడు ప్లాంటును ఆపగల అధికారం ఇవన్నీ కలిసినప్పుడే అది నియంత్రణ అవుతుంది.

ఈ మాటకు ఆధారం రసాయన ప్రక్రియల స్వభావంలోనే ఉన్నది. కొలిచే సాధనం, ఆ కొలతను నిర్ణీత విలువతో పోల్చే కంట్రోలరు, దాని ఆజ్ఞను అమలు జరిపే వాల్వు కలిసి ఒక నియంత్రణ వలయం. వాల్వు కదిలినంత మాత్రాన ఫలితం వెంటనే కనబడదు. పెద్ద ట్యాంకులోని ద్రవం చల్లబడడానికి గంటలు పట్టవచ్చు. వేడిని పుట్టించే రసాయన చర్యలలో మరొక చిక్కు ఉన్నది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్యావేగమూ, దానితోపాటు వెలువడే వేడీ రెట్టింపులుగా పెరిగిపోతాయి. శీతలీకరణ తీసుకుపోగల వేడి మాత్రం ఉష్ణోగ్రతల తేడాను బట్టి నిలకడగానే పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత ఆ చర్యను ఆపడం ఎవరి తరమూ కాదు. అందువల్ల మీటరు మీద అంకె ఎంత ఉన్నదన్న దానికంటె, అది ఎంత వేగంగా మారుతున్నదన్నది ముఖ్యం.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో జరిగినది ఇందుకు తిరుగులేని నిదర్శనం. మిథైల్ ఐసోసైనేట్ నిలువచేసిన 610వ ట్యాంకులో రాత్రి 10.20 గంటలకు పీడనం చదరపు అంగుళానికి 2 పౌనులు. 10.45కు షిఫ్టు మారింది. 11 గంటలకు పీడనం 10 పౌనులు. 2 నుండి 25 వరకు మామూలేనన్న లెక్క ఉన్నందున ఆ అంకె ఎవరినీ కలవరపెట్టలేదు. నలభై నిమిషాలలో అది అయిదు రెట్లు అయిందన్న సంగతి మాత్రం షిఫ్టు మార్పిడిలో మరుగున పడిపోయింది. అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే పీడనం 30ని దాటి, మీటరు చివరి అంకె అయిన 55ను తాకింది. అప్పటికి చేయగలిగినది ఏమీ మిగలలేదు.

అంతకుముందే రక్షణలన్నీ ఒకటొకటిగా సడలిపోయి ఉన్నాయి. శీతలీకరణ యంత్రాన్ని నెలల క్రితమే ఆపివేశారు. 11 డిగ్రీల వద్ద మోగవలసిన అలారం, ట్యాంకు నిత్యమూ అంతకు మించిన వేడిలోనే ఉండడంతో నిరుపయోగమైంది. వాయువును మండించవలసిన టవరుకు పోయే గొట్టం ముక్కను ఊడదీసి ఉంచారు. ఆ విభాగంలో 12 మంది ఆపరేటర్లు పనిచేసిన చోట 6గురిని మిగిల్చారు. రాత్రి షిఫ్టు మెయింటెనెన్సు సూపర్వైజరు పదవిని రద్దుచేశారు. ఇంత చేసిన కంపెనీ, దుర్ఘటనకు ఒక కార్మికుని విద్రోహమే కారణమని ప్రచారం సాగించింది.

అది పాతకాలపు మీటర్ల ప్లాంటు కనుక అట్లా జరిగిందని సమాధానపడడానికి వీలులేదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ బీపీ రిఫైనరీలో కంప్యూటర్ కంట్రోలు ఉన్నది. అయినా అక్కడ జరిగిన పేలుడులో 15 మంది కార్మికులు మరణించారు, 180 మంది గాయపడ్డారు. 170 అడుగుల టవరులో ద్రవం 158 అడుగుల దాకా చేరగా, అడుగుభాగాన్ని మాత్రమే కొలవగల పరికరం మట్టం 10 అడుగుల లోపే ఉన్నదని, పైగా తగ్గుతున్నదని చూపింది. పైమట్టాన్ని హెచ్చరించవలసిన అలారం పనిచేయలేదు. కంట్రోలు బోర్డు వద్ద ఉన్న ఒకే ఒక్క ఆపరేటరు మూడు యూనిట్లను చూడవలసి ఉన్నది. అక్కడి ఆపరేటర్లు రోజుకు 12 గంటల చొప్పున 29 రోజులకు పైగా సెలవు లేకుండా పనిచేసి ఉన్నారని అధికారిక దర్యాప్తు వెల్లడించింది.

మన విశాఖపట్నంలో, 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నది. తనంతట తాను పాలిమరుగా మారుతూ వేడిని పుట్టించడం స్టైరీన్ స్వభావం. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారు. మధ్యభాగంలో, పైభాగంలో వేడెక్కుతున్న ద్రవం గురించి కంట్రోల్ రూముకు ఏమీ తెలియలేదు. పాలిమరు చర్యను అణచి ఉంచే నిరోధక రసాయనం తగినంత లేదు. ప్రజలను హెచ్చరించవలసిన సైరను మోగలేదు. లోపం ఏ ఒక్క ఆపరేటరుదో కాదు, నిర్వహణదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక స్పష్టం చేస్తున్నది.

భోపాల్ అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఆసన్న ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికునికి ఇచ్చారు. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. నాడైనా నేడైనా కార్మికునికి దక్కినది చెప్పే హక్కే. ఆ మాటను యాజమాన్యం నమ్మకపోతే విషయాన్ని ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి, తుది నిర్ణయం ఆయనదే. నిమిషాలలో చేయి దాటిపోయే ప్రక్రియకు ఈ ఏర్పాటు చాలదు.

అందువల్ల రసాయన పరిశ్రమలోని మన సంఘాలన్నీ తమ డిమాండు పత్రాలలో నాలుగు అంశాలను చేర్చవలసిందిగా కోరుతున్నాము. మొదటిది: షిఫ్టుకు కనీస సిబ్బందిని ప్లాంటు సజావుగా నడిచే గంటను బట్టి కాక, అది అదుపు తప్పే గంటను బట్టి లెక్కించాలి. రెండవది: షిఫ్టు మార్పిడిలో దిగేవారు, ఎక్కేవారు కలిసి గత కొన్ని గంటల కొలతల పోకడను పరిశీలించడానికి వేతనంతో కూడిన సమయం ఇవ్వాలి. మూడవది: ఏ అలారమునైనా, ఇంటర్‌లాక్‌నైనా బైపాస్ చేస్తే లిఖితపూర్వకమైన ఉత్తరువు, గడువు తేదీ ఉండాలి, భద్రతా కమిటీలోని కార్మిక ప్రతినిధికి దాని నకలు అందాలి. నాలుగవది: ప్రమాదమని భావించి ప్లాంటును ఆపిన ఆపరేటరుపై, అతని అంచనా తప్పని తరువాత తేలినా సరే, చర్య తీసుకోరాదు. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇవన్నీ వర్తించాలి.

అనవసరంగా ఒక్కసారి ప్లాంటు ఆగితే పోయేది ఒక రోజు ఉత్పత్తి. ఆపవలసినప్పుడు ఆపకపోతే పోయేది ఏమిటో భోపాల్ బస్తీలకు, వెంకటాపురం గ్రామస్థులకు తెలుసు. ఈ లెక్కను యాజమాన్యాల ముందు పెట్టవలసిన బాధ్యత మన సంఘాలదే.