కోటో, మోస్లీ, మార్గరీటో - ఒక సార్టింగ్ సమస్య

బాక్సింగ్ అభిమానులు ఎవడు గొప్ప అన్నది తేల్చడానికి ఎప్పుడూ వాడే లాజిక్ ఒకటుంది. "వీడు వాణ్ణి కొట్టాడు, వాడు ఇంకొకణ్ణి కొట్టాడు, కాబట్టి వీడు ఆ ఇంకొకణ్ణి కూడా కొట్టేస్తాడు". వినడానికి బాగానే వుంటుంది. ఏ కన్నా బీ చిన్న, బీ కన్నా సీ చిన్న, ఇంకేముంది.. సార్ట్ చేసి పడేయడమే. కానీ ఇదే లాజిక్ ని 2007 - 2009 మధ్య వెల్టర్ వెయిట్ మీద పెట్టి చూడండి. ప్రోగ్రామ్ ఆగదు గాక ఆగదు.

వెల్టర్ వెయిట్ అంటే 147 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 66.7 కిలోలు. ఆ రోజుల్లో జరిగినవి మూడు ఫైట్లు చూద్దాం.

2007 నవంబరులో న్యూయార్క్ లో మిగెల్ కోటో, షేన్ మోస్లీని పాయింట్ల మీద ఓడించాడు. 2008 జూలైలో లాస్ వేగస్ లో ఆంటోనియో మార్గరీటో కోటోని 11వ రౌండులో ఆపేశాడు. అప్పటిదాకా 32 ఫైట్లలో ఓటమి ఎరగని కోటో, మొహమంతా రక్తంతో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇక మార్గరీటోకి తిరుగులేదు అనుకున్నారంతా. 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్ లో 37 ఏళ్ళ మోస్లీ వచ్చి ఆ మార్గరీటోని 9వ రౌండులో పడగొట్టేశాడు.

అంటే కోటో మోస్లీ కన్నా గొప్ప, మోస్లీ మార్గరీటో కన్నా గొప్ప, మార్గరీటో కోటో కన్నా గొప్ప. ఇప్పుడు సార్ట్ చెయ్యండి చూద్దాం :)

ఇది చాలకపోతే ఇంకో పెద్ద లూప్ కూడా వుంది. కోటో కార్లోస్ కింటానాని కొట్టాడు (2006). కింటానా పాల్ విలియమ్స్ ని కొట్టాడు (2008). విలియమ్స్ మార్గరీటోని కొట్టాడు (2007). మార్గరీటో కోటోని కొట్టాడు. పైగా కింటానా చేతిలో ఓడిన విలియమ్స్, నాలుగు నెలలకే రీమ్యాచ్ లో అదే కింటానాని మొదటి రౌండులోనే లేపేశాడు. మొదటి ఫైట్ రాత్రి మీరు వేసుకున్న ర్యాంకింగ్ నాలుగు నెలలు కూడా నిలబడలేదన్నమాట.

దీనికి మామూలుగా చెప్పే జవాబు "స్టైల్". అది నిజమే. మార్గరీటో ఎన్ని దెబ్బలు తిన్నా ముందుకే వస్తాడు, చేతులు ఆపడు. తొలి రౌండ్లలో కోటో అతన్ని చక్కగా కొట్టి తప్పుకున్నాడు కానీ రౌండ్లు గడిచేకొద్దీ అలిసిపోయాడు. మోస్లీ ఆ పొరపాటు చెయ్యలేదు. దగ్గరికి రానిచ్చి, కొట్టి, పట్టేసుకున్నాడు.

కానీ స్టైల్ ఒక్కటే కాదు, ఇన్ పుట్ డేటా సంగతి కూడా చూడాలి కదా. మోస్లీతో ఫైట్ కి ముందు డ్రెస్సింగ్ రూములో మార్గరీటో చేతులకి పట్టీలు చుడుతుంటే, మోస్లీ ట్రైనర్ నజీమ్ రిచర్డ్‌సన్ కి అనుమానం వచ్చింది. విప్పించి చూస్తే పట్టీల లోపల గట్టిపడిన ప్యాడ్లు! ల్యాబులో పరీక్షిస్తే వాటిలో కాల్షియం, సల్ఫర్ దొరికాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లో వుండేవే అవి. ఫిబ్రవరిలో కాలిఫోర్నియా కమిషన్ మార్గరీటో లైసెన్సు, అతని ట్రైనర్ లైసెన్సు రెండూ రద్దు చేసింది. నాకేమీ తెలియదు అన్నాడు మార్గరీటో.

మరి అంతకు ఆర్నెల్ల ముందు, కోటో మొహం పగిలిన రాత్రి ఆ పట్టీల్లో ఏముంది? ఎవరూ తేల్చలేదు. తేలనిదాన్ని నేరం అనలేం, ఒప్పుకుంటాను. కానీ తేలలేదు కాబట్టి మామూలు ఓటమి కింద లెక్కేసుకోమంటే నా మనసొప్పుకోదు. 2011 డిసెంబరులో, ఇంకాస్త పై వెయిట్ లో ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. 10వ రౌండు మొదలవకుండానే డాక్టరు సలహా మీద ఫైట్ ఆపేశారు. ఈసారి కన్ను మూసుకుపోయింది మార్గరీటోకి. అయినా కోటో రికార్డులో ఆ 2008 ఓటమి అలాగే వుంది.

మోస్లీ కూడా సుద్దపూస కాదు లెండి. 2003లో డె లా హోయాతో ఫైట్ కి ముందు బాల్కో వాళ్ళ మందులు వాడినట్టు తర్వాత బయటపడింది. అవేంటో తెలీక వాడానన్నాడు.

ఇంతకీ వీళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు చితక్కొట్టుకుంటుంటే ఫ్లాయిడ్ మేవెదర్ ఎక్కడున్నాడు? 2007 చివర్లో కింది వెయిట్ నుంచి వచ్చిన హాటన్ తో ఆడాడు. 2008 జూన్ లో రిటైరయ్యాడు. 2009 సెప్టెంబరులో తిరిగొచ్చి, లైట్ వెయిట్ నుంచి పైకొచ్చిన మార్కెజ్ తో ఆడాడు. లూప్ లో వున్నవాళ్ళతో ఒక్కటీ లేదు. 2010 మేలో మోస్లీని ఓడించేసరికి మోస్లీకి 38 ఏళ్ళు. 2012లో కోటోని ఓడించేసరికి కోటో మార్గరీటో దెబ్బలూ, 2009లో పాకియావ్ దెబ్బలూ తిని వున్నాడు.

మేవెదర్ చేతకానివాడని అనడం లేదు. రెండో రౌండులో మోస్లీ కుడిచేత్తో కొడితే మోకాళ్ళు వణికినవాడు, మిగతా ఫైటంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. అది ఎవరికిపడితే వాళ్ళకి సాధ్యం కాదు. కానీ ఒడ్డున కూర్చున్నవాడి బట్టలు పొడిగా వున్నాయని వాడే మంచి ఈతగాడని తేల్చేయడం నాకు నచ్చదు.

అందుకే నేను పోల్చేటప్పుడు "ఎవరిని ఓడించాడు" అనే ఒక్క కాలమ్ తో ఆగను. ఎప్పుడు, ఏ వెయిట్ లో, అంతకుముందు ఎవరెవరి దెబ్బలు తిని వున్నాడు అనేవి కూడా కలుపుతాను. అలా చూస్తే ఆ రెండు మూడేళ్ళ వెల్టర్ వెయిట్ లో నా ఓటు కోటోకే. కింటానా, జూడా, మోస్లీ, మార్గరీటో.. రెండేళ్ళ లోపల ఎవరినీ తప్పించుకోకుండా అందరితోనూ ఆడాడు. సున్నా పోగొట్టుకున్నాడు, నిజమే. కానీ ఆ సున్నాని బీరువాలో పెట్టి తాళం వేసుకోలేదు కదా!

మీ లిస్టులో ఎవరు ముందున్నారో చెప్పండి. "ఏ బీని కొట్టాడు కాబట్టి" అని మాత్రం మొదలెట్టకండి, ప్లీజ్.