చల్తా హై అంటే నేను ఒప్పుకోను

"టెస్టింగుకి వారం ఎందుకు భాయ్? స్క్రీను అందంగా ఉంటే చాలు, చల్తా హై." సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకుని రోజీ సంపాదించే నాకు ప్రతి బేరంలోనూ ఎదురయ్యే మాట ఇది.

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం "జ్ఞా" మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. అంత దౌలత్ ఉన్న ఆపిల్‌కే ఆ గతి పట్టింది. ఇక హడావుడిగా కట్టిన ఫారం సంగతి చెప్పాలా? ఒక్క పేరే ఉన్న మన ఆడపిల్లని "లాస్ట్ నేమ్ తప్పనిసరి" అని తిప్పికొడుతుంది. చుక్కో, అదే పేరు రెండోసారో పెట్టి పంపితే ఆధార్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఆగేది ఆ పిల్లకి, కోడ్ రాసినవాడికి కాదు.

తక్కువ తూచే బేపారిని సూరా ముతఫ్ఫిఫీన్ ఎంత గట్టిగా హెచ్చరించిందో మనకి తెలుసు. పరీక్షించని సాఫ్ట్‌వేర్‌కి పూర్తి పైసలు తీసుకోవడమూ ఆ దొంగ తూకమే. పని అమానత్.

ఫజర్ అయ్యాక నా మొదటి గంట కొత్త కోడ్‌కి కాదు, నిన్నటి కోడ్‌ని పరీక్షించడానికే. ఆ గంటకీ మజ్దూరీ అడుగుతాను. ఇవ్వనంటే ఆ పని వదులుకుంటాను. హలాల్ రోజీలో బర్కత్ ఇచ్చేది అల్లాహ్.