పేడ నుంచి కరెంటు: ముందు ఏ అవసరానికి?

పశువుల పేడతో విద్యుత్తు తయారు చేయవచ్చునా అని పలువురు అడుగుతుంటారు. నిస్సందేహంగా చేయవచ్చు. అయితే ఆ శక్తిని ముందుగా దేనికి వినియోగించాలన్నది వైద్యులు కూడా నోరు విప్పవలసిన విషయమని నా అభిప్రాయం.

ముందు లెక్క చూడండి. పది గేదెలున్న కొట్టంలో రోజుకు కనీసం 100 కిలోల పేడ లభిస్తుంది. దానికి సమంగా నీరు కలిపి గాలి చొరబడని తొట్టిలో పోస్తే, సూక్ష్మజీవుల చర్య వల్ల సుమారు 4 ఘనపు మీటర్ల వాయువు వెలువడుతుంది. అందులో సగానికి పైగా మీథేన్. దానితో చిన్న ఇంజను నడిపితే వచ్చేది దాదాపు 6 యూనిట్ల కరెంటు. శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగా వృథా అవుతుంది. అదే వాయువును నేరుగా పొయ్యిలో మండిస్తే పన్నెండు మందికి పైగా రోజువారీ వంట పూర్తవుతుంది.

కనుక ఇంట్లో ఇంకా కట్టెలు, పిడకలు మండుతున్నట్లయితే ఆ వాయువుపై మొదటి హక్కు వంటింటిదే. పొగ పీల్చే స్త్రీలకు దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, పసిపిల్లలకు న్యుమోనియా ముప్పు అధికం. పొయ్యి దగ్గర పొగ పోనిదే గదిలో బల్బు వెలిగించి ప్రయోజనమేమిటి?

మరి పేడ అందరి పొయ్యిలకూ చాలకపోతే? కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందిన పుర అనే చిన్న గ్రామం దీనికి చక్కని సమాధానం చెప్పింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్య అమూల్య రెడ్డి నెలకొల్పిన 'అస్త్ర' బృందం అక్కడ ఉమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటును మొదట వంట కోసమే తలపెట్టింది. ఊరందరి వంటకూ వాయువు చాలలేదు. అప్పుడు 1987లో 5 కిలోవాట్ల ఇంజనును ఆ వాయువుతోను, కొంత డీజిలుతోను నడిపి, బోరు నీటిని కుళాయిలకు, వెలుగును ఇళ్ళకు అందించారు. మిగిలిన మడ్డిని ఎవరి పేడకు తగినంత వారికి ఎరువుగా తిరిగి ఇచ్చారు. అందరికీ వంట గ్యాసు అందనప్పుడు అందరికీ రక్షిత నీరు అందించడం ఆరోగ్యరీత్యా ఎంతో వివేకమైన నిర్ణయం.

రెండు జాగ్రత్తలు మరువకండి. ఈ వాయువులో కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది ఇంజనును తినివేస్తుంది. ఇనుప రజను గుండా పంపి శుద్ధి చేయాలి. గాఢత పెరిగితే ముక్కుకు వాసన తెలియదు, క్షణాల్లో ప్రాణం పోతుంది. అందుచేత శుభ్రం చేయడానికైనా, పడిపోయినవారిని రక్షించడానికైనా సరే, తగిన పరికరాలు లేకుండా తొట్టిలోకి దిగకండి. ఇక మడ్డిలో రోగక్రిములన్నీ నశించవు. దానిని తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

మీ ఊరిలో ఇటువంటి ప్లాంటు ప్రతిపాదన వస్తే ఎన్ని యూనిట్లు వస్తాయని మాత్రమే అడగకండి. ఎవరి వంటింటి పొగ తగ్గుతుంది, ఎవరికి మంచినీరు చేరుతుంది అని కూడా అడగండి.